పదోవాడి తర్వాత మూడు చుక్కలు

ల్యాబులో మూడో వరుస చివరి కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తి, "మేడం, ఇది ట్రూ అని ఎందుకు చూపిస్తున్నది?" అని అడిగింది.

అప్పుడు పది గంటల ఇరవై నిమిషాలైంది. కోదాడ దగ్గర హైవే పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీలో సెకండియర్ పిల్లలకు నేను జావా ల్యాబు చెప్తాను. ఆ వారం పాఠం కలెక్షన్లు. పేర్లో నంబర్లో మనుషుల వివరాలో ఒకచోట పోగేసి పెట్టుకునే లిస్టులన్న మాట. ఎలాంటి లిస్టు ఇచ్చినా తెర మీద చక్కగా ప్రింటు చేసే మెథడ్ ఒకటి, రెండు లిస్టులు ఒకటేనా కాదా అని పోల్చి చెప్పే మెథడ్ ఇంకొకటి, రెండూ ఒకే ఫైల్లో రాసి ఉంటాయి. దాన్ని అందరం యుటిలిటీ ఫైలు అంటాం. పిల్లలు దాన్ని తెచ్చుకుని ప్రతి ప్రోగ్రాంలోనూ అతికించుకుంటారు. ఆ ఫైలు వాళ్ళకిచ్చింది నేనే.

ఆ అమ్మాయి ఇరవై మంది విద్యార్థులతో రెండు లిస్టులు చేసింది. రెండోదాంట్లోంచి పదిహేనో మనిషిని తీసేసింది. ఒకదాంట్లో ఇరవై మంది, ఇంకోదాంట్లో పంతొమ్మిది మంది. పోల్చమంటే తెర ట్రూ అంటోంది. అంటే రెండూ ఒకటేనట.

"నువ్వు తీసేసింది సేవ్ కాలేదేమో చూడు" అన్నాను నిలబడ్డచోటి నుంచే. మేం టీచర్లం ముందు పిల్లల్నే అనుమానిస్తాం.

"మూడుసార్లు సేవ్ చేసిన మేడం. మీ ఫైలే తప్పున్నదేమో."

పక్కనున్న పిల్ల దాన్ని మోచేత్తో పొడిచింది. "మేడం ఫైలుకే వంక పెడ్తున్నవా? ఇంటర్నల్ మార్కులు ఒద్దా నీకు?"

నేను వెళ్ళి వంగి చూశాను. తెర మీద రెండు వరుసలు ప్రింటయి ఉన్నాయి. మొదటి వరుసలో పది పేర్లు, తర్వాత మూడు చుక్కలు. రెండో వరుసలో అవే పది పేర్లు, తర్వాత అవే మూడు చుక్కలు. పదకొండో మనిషి నుంచి ఇరవయ్యో మనిషి దాకా అందరూ ఆ చుక్కల్లోనే ఉన్నారు. ఉన్నారో లేరో కూడా తెలియకుండా ఉన్నారు.

ఆ ఫైలు ఆ ల్యాబులో మాత్రమే లేదు. సూర్యాపేటలో మా పిల్లలు ఎక్కే స్కూలు బస్సుకు నేను రాసిచ్చిన ప్రోగ్రాంలో కూడా ఉంది. ఆ పొద్దున తొమ్మిదీ పదికి దాని నుంచి రోజూ వచ్చినట్టే మెసేజ్ వచ్చింది, 'ఈ రోజు బస్సులో ఎక్కిన పిల్లలందరూ స్కూలు లోపలికి చేరారు' అని. కోదాడ బస్సు దిగి నడుస్తూ నేను దాని కింద సరేనన్నట్టు బొటనవేలు గుర్తు కూడా పెట్టాను.

నాకు ఇద్దరు పిల్లలు. పాప మూడో తరగతి. బాబుకు నాలుగేళ్ళు, నర్సరీ. వాడికి జలుబు చేసిందని ఆ పొద్దున మందు తాగించి, ఇద్దర్నీ బస్సెక్కించమని అత్తమ్మకు చెప్పి వచ్చాను. ఆ మందు తాగితే వాడికి నిద్రొస్తుంది.

ఆ ప్రోగ్రాం సంగతి ఇక్కడ చెప్పాలి. దసరా సెలవులకు ముందు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగితే, భయం ఎక్కువ ఉన్న తల్లిని కాబట్టి నేనే లేచి అడిగాను, బస్సెక్కిన పిల్లలందరూ లోపలికొచ్చారని మాకెలా తెలుస్తుందని. గ్యాసు ఆపానా లేదా అని మూడుసార్లు వెనక్కొచ్చి చూసుకునే మనిషిని నేను. కరస్పాండెంట్ నవ్వి, "మీరే కంప్యూటర్ మేడం కదా, మీరే ఏదన్న చెయ్యుండ్రి" అన్నాడు. ఒక ఆదివారం కూర్చుని చేసేశాను. పిల్లలు ఎక్కుతుంటే బస్సులో ఆయా ఫోన్లో ఒక్కొక్కరి నంబరు నొక్కుతుంది. గేటు దగ్గర లోపలికి పోయే ఒక్కొక్కరి నంబరు వాచ్‌మన్ నొక్కుతాడు. తొమ్మిదీ పదికి ప్రోగ్రాం ఆ రెండు లిస్టుల్నీ నంబర్ల వరుసలో పేర్చి పోలుస్తుంది. ఒకటే అయితే అందరూ చేరారని, కాకపోతే తేడా ఉందని తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెడుతుంది. సాయంత్రం ఇళ్ళకు తెచ్చేటప్పుడూ ఇంతే. పోల్చే పని కోసం కొత్తగా ఏమీ రాయలేదు. చేతిలో ఉన్న యుటిలిటీ ఫైలే అతికించాను. మా పాప బొమ్మలకు పేర్లు పెట్టి, ఆరుగురితో పరీక్ష చేశాను. ఒక బొమ్మను తీసేస్తే తేడా ఉందని చెప్పింది. ఎంత సంతోషపడ్డానో. స్కూలు వార్షికోత్సవంలో నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. దాన్ని మళ్ళీ అట్టలో పెట్టి బీరువాలో దాచుకున్నాను.

రాసింది నేనే కాబట్టి రెండు లిస్టులూ నా ఫోన్లో తెరవగలను. తెరిచాను. బస్సులో ఎక్కినవాళ్ళు ఇరవై ఏడు. గేటు దాటినవాళ్ళు ఇరవై ఆరు.

ఒక తెల్లకాగితం మీద బస్సు లిస్టులోని నంబర్లు రాసుకుని, ఫోను ఆ అమ్మాయికిచ్చి గేటు లిస్టు చదవమన్నాను. ఆమెకు సంగతి తెలియదు. లెక్కల పరీక్షలాగా గట్టిగా చదువుతోంది.

"రెండొందల పద్నాలుగు."

టిక్కు పెట్టాను.

"రెండొందల ముప్పై ఒకటి. మూడొందల రెండు."

అవన్నీ అడ్మిషన్ నంబర్లు. పెద్ద క్లాసుల పిల్లలు ఎప్పుడో చేరారు కాబట్టి వాళ్ళ నంబర్లు చిన్నవి, లిస్టులో ముందొస్తాయి. ఈ ఏడే చేరిన నర్సరీ పిల్లల నంబర్లు అన్నింటికన్నా పెద్దవి, చివర్లో ఉంటాయి. టిక్కులు పెడుతుంటే అప్పుడు అర్థమైంది. పొద్దున్నే పది మంది పెద్ద పిల్లలు దిగితే చాలు, నా ప్రోగ్రాం అందరూ చేరారని రాసేస్తుంది. చిన్నపిల్లల్ని అది దసరా నుంచి ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా చూడలేదు.

"అయిపోయినయ్ మేడం. మీ దగ్గర ఒకటి మిగిలిందా? ఏ నంబరు?"

ఆరొందల నలభై ఏడు. మిగిలిన నంబరు అదొక్కటే. అడ్మిషన్ ఫారం మీద ఆ నంబరు నేనే రాయించుకున్నాను.

"ఎవలిది మేడం అది?" అని అడిగి, నా మొహం చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

వరండాలోకి పరుగెత్తి స్కూలు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తింది అక్కడి క్లర్కు.

"మా బాబు నర్సరీలో ఉన్నాడో లేడో ఒకసారి చూడండి."

"ఎందుకు మేడం పరేషానయితరు? మెసేజ్ వచ్చింది కదా, అందరు చేరిండ్రని."

"ఆ మెసేజ్ తప్పండీ! మీరు క్లాసుకెళ్ళి చూడండి."

"అట్లెట్ల తప్పయితది మేడం, అది మీరు చేసిన సాఫ్ట్‌వేరే గదా" అని నవ్వాడు. నా మాట మీద నమ్మకం లేక కాదు, నా ప్రోగ్రాం మీద అంత నమ్మకం. ఆ నవ్వు విన్నప్పుడు కలిగిన రోత ఆయన మీదిది కాదు.

రెండు నిమిషాలకు మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి నవ్వు లేదు. "క్లాసుల లేడు మేడం. నిన్న జలుబుండె గదా, ఇంటికాడనే ఉంచిండ్రేమో అని టీచరు ఆబ్సెంట్ ఏసిందట. పాప ఉన్నది. తమ్ముడు ఎనక సీట్ల కూసున్నడు, దిగిండనుకున్న అంటున్నది."

"బస్సెక్కడుంది?"

"పొద్దటి ట్రిప్పు ఖతమైనంక డ్రైవరే తీసుకపోతడు మేడం. ఫోన్ ఎత్తుతలేడు."

ఎక్కడికి తీసుకుపోతాడని అడిగితే ఆయన నసిగాడు. నేను ల్యాబు వదిలేసి గేటు వైపు నడుస్తుంటే మా హెచ్‌ఓడీ ఎదురొచ్చాడు. కోదాడ మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"ఏమ్మా, రేపు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నారు, ఇప్పుడు పిల్లల్ని వదిలేసి ఎటెళ్తున్నారు?"

"నా కొడుకు కనబడట్లేదు సార్."

"అయ్యో, వెళ్ళండి వెళ్ళండి. ఎవరికన్నా చెప్పి ల్యాబ్ తాళం ఇచ్చి వెళ్ళండి."

సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అత్తమ్మ ఆటోలో స్కూలుకు బయల్దేరింది. మా ఆయన దామరచర్ల కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఇంజినీరు, వారమంతా అక్కడే గది. ఆయన పోలీసులకు చెప్తున్నాడు. డ్రైవర్ ఫోన్ మోగుతోంది, ఎత్తట్లేదు. నాకు చేయడానికి ఏ పనీ లేదు. ఆ బస్సులో కూర్చున్నంతసేపూ నా కళ్ళముందున్నది బాబు మొహం కాదు, ఆ పది పేర్లూ మూడు చుక్కలూ. వాడి మొహం తలుచుకునే ధైర్యం లేక కావచ్చు.

నేను మిర్యాలగూడలో ఇంజినీరింగ్ చదివాను. ఆ ఫైలు నా చేతికి అక్కడే వచ్చింది, సీనియర్ల పెన్‌డ్రైవులో. వాళ్ళకు వాళ్ళ సీనియర్లిచ్చారు. మొదట ఎవరు రాశారో తెలియదు. కానీ ఎందుకలా రాశారో నాకు బాగా తెలుసు. ల్యాబు రికార్డులో కుడి పేజీకి గీతలుంటాయి, ప్రోగ్రాం అక్కడ రాయాలి. ఎడమ పేజీ తెల్లగా ఉంటుంది, తెర మీద వచ్చిన ఫలితం అక్కడ పెన్సిలుతో రాయాలి. లిస్టు పొడవుగా ఉంటే ఆ పేజీలో పట్టదు. అందుకని ఎవరో ప్రింటు మెథడ్‌ను పది దగ్గర నరికి, మూడు చుక్కలు పెట్టారు. పేజీకి సరిపోయింది.

ఇంక పోల్చే మెథడ్. జావాలో ఒకే పేరు, ఒకే నంబరు ఉన్న ఇద్దరు విద్యార్థుల్ని విడివిడిగా తయారు చేస్తే, ఇద్దరూ ఒకటే అని అది ఒప్పుకోదు. ఏది చూసి ఒకటే అనాలో మనమే రాసి చెప్పాలి. నాలుగు వాక్యాల పని. ఆ నాలుగు వాక్యాలు రాసే ఓపిక లేక ఇంకెవరో అడ్డదారి తొక్కారు. రెండు లిస్టుల్నీ ప్రింటు మెథడ్‌కే ఇచ్చి, అది తయారు చేసిన అక్షరాల్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. కనబడేది ఒకటైతే మనుషులూ ఒకటే. ప్రింటేమో పది దగ్గరే ఆగిపోతుంది. రెండు సోమరితనాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, వాటి మీద మేం కూర్చున్నాం, ఏళ్ళ తరబడి.

ఎవరూ ఎందుకు పట్టుకోలేదంటే, పట్టుకునే పనే మా చదువులో లేదు. ఎక్స్‌టర్నల్ వస్తాడు, టీ తాగుతాడు, తెర మీద వచ్చిందీ రికార్డులో రాసిందీ ఒకటేనా అని చూస్తాడు, ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతాడు. పదకొండో పేరు పెట్టి చూసిన మనిషిని ఇన్నేళ్ళలో నేను చూడలేదు. నేనూ పెట్టలేదు. ఆ 'పది' అన్న అంకెను రికార్డులో నా చేత్తో రాశాను. ఇప్పుడు టీచరునయ్యాక పిల్లలకు ఇదే చెప్తున్నాను, అవుట్‌పుట్ రికార్డులో ఉన్నట్టు రాకపోతే సంతకం పెట్టనని. అలా వచ్చేదాకా ఏదో ఒకటి చేసుకురమ్మని. మిర్యాలగూడలో అంటించుకున్న దాన్ని కోదాడకు నేనే మోసుకొచ్చాను. సూర్యాపేటకు కూడా.

సగం దారిలో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎవరో పెద్దామె. వెనక ఆడవాళ్ళ గోల.

"హలో, గీ టిపిను సంచి మీద రాసిన నంబరు నీదేనా?"

"నాదే. మా బాబు…"

"ఉన్నడు, ఉన్నడు. గీడనే ఉన్నడు, మంచిగనే ఉన్నడు. మోతె కాడ మిర్ప చేన్ల ఉన్నం మేము. నువ్వు ఏడుసుడు ఆపి సక్కగ ఇను, ఎట్ల రావాల్నో చెప్త. ఏం తల్లివమ్మా, పొద్దుగాల బడికి తోలి మల్ల అడగవా?"

ఆమె అన్నది నిజం. అడగకుండా ఉండడానికే కదా నేను ఆ ప్రోగ్రాం రాసింది.

బస్సు ఆపించి దిగి, ఆటో మాట్లాడుకుని మోతె వైపు పోయాను. చేను దగ్గరికి వెళ్తుంటేనే మిరప ఘాటుకు దగ్గొచ్చింది. రోడ్డు వారన మా స్కూలు బస్సు నిలబడి ఉంది. పసుపు రంగు, దాని మీద చదువుకునే పిల్లల బొమ్మలు. లోపల సీట్ల మీద గోనె సంచులు, సద్ది మూటలు. పిల్లల్ని దింపాక అదే బస్సులో ఊరి చివర తండా నుంచి కూలీలను ఎక్కించుకుని మిరప ఏరడానికి తెస్తారట, సీజన్ మొదలైనప్పటి నుంచీ. నా కొడుకు కూర్చునే సీటు మీద ఎండుమిరప తొడిమలు ఉన్నాయి. చెయ్యి పెట్టి దులపబోయి, వెనక్కి తీసుకున్నాను. అంత అసహ్యం వేసింది.

చేని గట్టు మీద చీర పరిచి వాడిని కూర్చోబెట్టారు. పక్కన నలుగురు ఆడవాళ్ళు తమ భాషలో మాట్లాడుకుంటున్నారు. నేను పరుగెత్తి ఎత్తుకుంటే, "అమ్మా, నేను ఊరికొచ్చిన" అన్నాడు.

ఫోన్ చేసిన పెద్దామె కూలీలకు ముఠా మేస్త్రి. చేతులు ఎర్రగా ఉన్నాయని నా దగ్గరికి రాకుండా దూరం నుంచే చెప్పింది. "సద్దిమూట పెడ్దామని ఎనక సీటు కింద సూస్తే బూటు కనవడ్డది. బూటు వట్టి గుంజితే పోరడు. మా కోడలు పది సదివింది, సంచి మీద నంబరు సూసి అది చెప్పింది. గప్పుడే ఫోన్ జేద్దమంటే గీ పెద్దమనిషి ఒద్దంటడు."

డ్రైవరు ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేనేమన్న ఎత్తుకపోతున్ననా మేడం? సాయంత్రం బడి కాడ అందరితోని కలిపి దించుతుంటి. మీకు తెల్వకనే పోతుండె. ఏమైంది ఇప్పుడు, తిన్నడు, ఆడుకున్నడు."

"నీ ఇంట్ల పోరడైతే గిట్లనే అంటవా?" అన్నది పెద్దామె. "సాయంత్రం దాంక దాస్తా అన్నవు, వాడేమన్న బీడీ కట్టనా జేబుల దాసుకోను?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అతను నేల చూశాడు. కానీ అతను చెప్పిందాంట్లో ఒక ముక్క నా లోపల దిగబడింది. నిజమే, ల్యాబులో ఆ అమ్మాయి అడగకపోయి, సాయంత్రం దింపి ఉంటే నాకు తెలిసేదే కాదు. సాయంత్రం కూడా నా ప్రోగ్రాం అందరూ ఎక్కారు, అందరూ దిగారు అనే రాసేది. నేను బొటనవేలు పెట్టేదాన్ని. మా ఇద్దరి అబద్ధమూ చక్కగా అతికేది.

ఆమె చేతిలో ఏదైనా పెడదామని సంచి తెరిస్తే, "పోరని మూతి కడుగు ముందు, కారం చేతులు కండ్లల్ల పెట్టుకుంటడు" అని కసిరి, చేనులోకి వెళ్ళిపోయింది.

దొరికాడని ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి చెప్పి, బాబును తీసుకుని మధ్యాహ్నం స్కూలుకు పోయాను. ఆఫీసు గదిలో ఆయా ఏడుస్తూ నిలబడి ఉంది. వయసు మళ్ళిన మనిషి. ఇదివరకు ఆమె బస్సు ఆగగానే చివరి సీటు దాకా నడిచిపోయి, సీట్లు చేత్తో తట్టుతూ లేవుండ్రి, దిగుండ్రి అనేది. పాప చెప్పేది నాకు.

"నేనేం జేద్దు మేడం" అంది. "మీరే అంటిరి, తేడా ఉంటే ఫోనే చెప్తది, నువ్వు పరేషాన్ గాకు అని. మోకాళ్ళు నొస్తున్నయని ఎనక్కి పోవుడు బంద్ జేసిన."

ఆ మాట నేను అన్నాను. వార్షికోత్సవం రోజే అన్నాను, శాలువా కప్పుకుని.

కరస్పాండెంట్ నాకు చల్లటి నీళ్ళు, బాబుకు చాక్లెటు తెప్పించాడు. అరగంట మాట్లాడాడు. బస్సు మిరప చేలకు ఎందుకు పోతోందన్న ప్రశ్నకు మాత్రం, ఖాళీగా ఉంటే ఇంజను పాడైతది మేడం అన్నాడు. చివర్లో కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

"గ్రూపుల పొద్దటి మెసేజ్ ఎట్లనో ఉన్నది గదా, అందరు చేరిండ్రని. దాన్ని గట్లనే ఉండనియ్యుండ్రి. బాబు దొరికిండు, అందరు చేరినట్టే లెక్క. ఉత్తగ మిగతా పేరెంట్స్‌ని భయపెట్టుడెందుకు?"

నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను. కానీ ఆ మెసేజ్‌ను ఆయన రాయలేదు. ఆయన దాన్ని వాడుకుంటున్నాడు అంతే, రికార్డు చూసి సంతకం పెట్టే ఎక్స్‌టర్నల్‌లా.

బయటికొచ్చి గ్రూపులో నేనే రాశాను. ఈ ప్రోగ్రాం రాసింది నేను, ఇది మొదటి పది మందిని తప్ప ఎవర్నీ చూడట్లేదు, మా బాబు ఈ రోజు బస్సులో ఉండిపోయాడు, బస్సు మోతెలో మిరప చేను దగ్గర దొరికింది, దయచేసి దీన్ని నమ్మకండి, దీన్ని ఆపేస్తున్నాను, రేపటి నుంచి ఆయా వెనక దాకా నడిచి చూడాలని అందరం అడుగుదాం అని. పంపి, ఫోన్లు మొదలవుతాయని ఎదురుచూశాను. ఐదు నిమిషాల్లో ఏడు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకాయన 'గుడ్ సర్వీస్ మేడం' అని పెట్టాడు. మొత్తం చదివిన తల్లి ఒక్కతే ఫోన్ చేసింది, ఆమె పాప కూడా నర్సరీ. ఆ వణుకుతున్న గొంతు విని నాకు కాస్త ఊపిరాడింది.

నాలుగు గంటలకు హెచ్‌ఓడీ ఫోన్ చేశాడు. బాబు బాగున్నాడని విని నిజంగానే సంతోషించాడు. తర్వాత అన్నాడు, "మీ ల్యాబ్‌లో ఆ పిల్ల చెప్పింది, ఫైల్లో ఏదో తప్పుందంట కదా. ఇప్పుడు మాత్రం దాన్ని కదిలించకండి మేడం. పిల్లలందరూ రికార్డులు రాసేశారు. అవుట్‌పుట్ మారితే మళ్ళీ రాయాలి. ఎక్స్‌టర్నల్ అయ్యాక చూద్దాం."

కదిలిస్తానని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎలాగూ సరిచేయడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ప్రింటు మెథడ్ ఎంతమందినిస్తే అంతమందినీ చూపిస్తుంది. పోల్చే మెథడ్ దాని మొహం చూడదు, ముందు రెండు లిస్టుల్లో ఎంతమందో చూస్తుంది, తర్వాత ఒక్కొక్కరినీ చూస్తుంది. ఇరవై నిమిషాలు! పూర్తయ్యాక సంతోషం కాదు, ఇంకా ఎక్కువ రోత పుట్టింది.

సాయంత్రం బాబుకు స్నానం చేయిస్తుంటే, మిరప మంట ఎక్కడైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. నీళ్ళు కొట్టుకుంటూ వాడే చెప్పాడు. "అమ్మా, బస్సుల లేచిన. అందరు పోయిండ్రు. తలుపు పెట్టి ఉండె. డ్రైవర్ మామ చాయ్ తాగుతుండె, అద్దంల కనవడ్డడు."

"మరి పిలవలేదా నాన్నా?"

"ఏడ్చిన. మెల్లగ ఏడ్చిన. బస్సుల సప్పుడు చెయ్యొద్దని మిస్ చెప్పింది కదా. మల్ల పండుకున్న."

పాప తలుపు దగ్గర నిలబడి వింటోంది. పొద్దున కిటికీ సీటు కోసం తమ్ముడితో కొట్లాడి ముందుకెళ్ళి కూర్చుందట. స్కూలు నుంచి వచ్చినప్పటి నుంచీ అది ఒక్క ముద్ద తినలేదు. అత్తమ్మ ప్రేమగానే అడిగింది, తమ్మున్ని చూసుకోవద్దా బిడ్డా అని. ఆ మాటకు అది గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇది రాస్తుండగా ఇప్పటికి నాలుగుసార్లు లేచి ఆ గదిలోకి వెళ్ళి చూసొచ్చాను. వారం గడిచింది. బస్సు మిరప చేలకు పోవడం ఆగిందని చెప్పారు. ఆగిందో, అందరికీ కనబడే మేరకు ఆగిందో నాకు తెలియదు. ల్యాబు పిల్లలకు నేను ఆ రాత్రే కొత్త ఫైలు పంపాను. సగం మంది పిల్లలు పాతదే వాడుతున్నారు, రికార్డుకు అదే సరిపోతోందట. ఆ మూడో వరుస అమ్మాయి మాత్రం రికార్డు మళ్ళీ రాసింది, అక్షరాలు చిన్నవి చేసి, ఇరవై పేర్లూ ఎడమ పేజీలో పట్టేటట్టు. ఎక్స్‌టర్నల్ దాన్ని చూసి, మిగతావాళ్ళకు పది కదా వచ్చింది నీకు ఎక్కువొచ్చిందేమని అడిగి, రెండు మార్కులు తగ్గించాడట.

బాబు దొరికిన మర్నాడు పొద్దున సంగతి రాసి ఆపుతాను. పిల్లలిద్దర్నీ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి అటుకులు పెట్టాను. ముందు పాపతో మాట్లాడాను.

"బిడ్డా, నిన్న అందరూ చేరిండ్రని ఫోన్ల రాసింది అమ్మనే. చూడకుండ రాసిన. తమ్ముణ్ణి మరిచిపోయింది నువ్వు గాదు, నేను. తమ్ముణ్ణి లెక్కపెట్టుడు నీ పని గాదు, పెద్దోళ్ళ పని. ఎవరన్న నిన్ను అంటే నాకు చెప్పు."

అది అటుకుల్లోంచి పల్లీలు ఏరి తమ్ముడి గిన్నెలో వేసింది.

తర్వాత బాబు గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "బస్సుల నువ్వు లేచినప్పుడు ఎవ్వరు లేకపోతే మెల్లగ ఏడ్వద్దు. గట్టిగ ఒర్రు. ముందటికి ఉరికి డ్రైవర్ సీటెక్కి హారన్ ఒత్తు. ఎవరన్న వచ్చి తలుపు తీసేదాంక చెయ్యి తియ్యకు."

"మామ తిడ్తడు కదా?"

"తిట్టనీ."

"మిస్ కొడ్తే?"

"అమ్మ ఒత్తుమన్నదని చెప్పు. మల్ల ఒత్తు."